కట్టివేసిన ఫోను మేల్కొనునా?

గడచిన మాసమున మా అల్లూరిలో నొక చిన్న సమావేశము జరిగినది. కాలువ చివరి చేలకు నీరందుట లేదనియు, పైవారు వాడి మిగిల్చినదే క్రిందివారికి గతియగుచున్నదనియు అధికారులకు నొక అర్జీ వ్రాయుటకై ముప్పది నలువదిమంది రైతులు కూడిరి. అందు రాజద్రోహము లేదు, కుట్ర లేదు, వీధిలో నిలిచి చెప్పరాని మాట యొక్కటియు లేదు. అయినను సభ మొదలగుటకు ముందొక పెద్దాయన స్టీలు క్యారియరు గిన్నె నొకదానిని త్రిప్పి, "అందరూ సెల్లులు కట్టేసి దీంట్లో వెయ్యండయ్యా" అనెను. అందరును వేసిరి. మూత బిగించిరి. అంతటితో భయము తీరలేదు. వెనుకవరుసలో నొక యువకుడు లేచి మమ్మడిగినాడు: "కట్టేసినా వాళ్లు దూరం నుంచే లేపుతారంట గదా సార్, ఇంక ఈ గిన్నె ఎందుకు?"

ఎవ్వరును నవ్వలేదు. అది మమ్ము కలతపెట్టినది. నీటికొరకు అర్జీ వ్రాసికొను స్వతంత్రదేశపు రైతు తన జేబులోని వస్తువును జూచి గొంతు తగ్గించుచున్నాడు. తెల్లవాని కాలమున గూఢచారి సభలో వెనుక కూర్చుండి వ్రాసికొనెడివాడు. వాని ముఖమైనను కనబడెడిది. నేడు గూఢచారి యున్నాడో లేడో తెలియదు, వానికి జీతమిచ్చు పనియు లేదు, మన సొమ్ముతో మనమే కొని, మనమే కరెంటు పెట్టి పోషించుచున్నాము.

మేము యంత్రశాస్త్రజ్ఞులము కాము. న్యాయవాద వృత్తిలో నుండి, సమాచారహక్కు ఉద్యమమున కార్యకర్తలుగా కొంత తిరిగినవారము. ఆ యువకునికి అక్కడికక్కడ పూర్తి జవాబు చెప్పలేకపోతిమి. తెలిసినవారినడిగి, వ్రాతలు చదివి, కోర్టుల తీర్పులు త్రిప్పి యిప్పుడు చెప్పుచున్నాము. ముందు జవాబు చెప్పి తరువాత జగడమాడుదుము.

నిజముగా ఆరిపోయిన ఫోనును దూరమునుండి ఎవ్వరును వెలిగింపజాలరు. ఏ ఆజ్ఞయైనను గాలిలో తరంగమై రావలెను. వచ్చినదానిని అందుకొనుటకు ఫోనులోపల నొక భాగము మేల్కొనియుండవలెను. టవరుతో మాటలాడు ఆ భాగమును మోడెము అందురు. బ్యాటరీనుండి మోడెమునకు విద్యుత్తు నిలిచిపోయిన తరువాత ఢిల్లీలోని యధికారి పిలిచినను, అమెరికాలోని పండితుడు పిలిచినను వినువారు లేరు. తాళము వేసిన ఖాళీయింటి తలుపు ఎంత తట్టినను పలుకువాడెవ్వడు? ఇది ప్రకృతిధర్మము. దీనికి ప్రభుత్వముల పలుకుబడితో పని లేదు.

అయితే "ఆరిపోయినది" అను మాటలోనే చిక్కంతయు నున్నది. మీట నొక్కితిమి, తెర నల్లబడినది, కావున ఆరిపోయినదని మన లెక్క. ఆ లెక్క యెల్లప్పుడును సరికాదు. పాత నోకియా ఫోనును రాత్రి కట్టివేసి పరుండినను తెల్లవారుజామున అలారము మ్రోగుట మనయిండ్లలో నెరుగనివారు లేరు. లోపలి గడియారము నడచుచునే యుండును. అది తన గంటకు తానే లేచును గాని పరుని పిలుపునకు లేవదు. ఐనను, కట్టివేసిన ఫోను చచ్చిన ఫోను కాదని ఆ కోడికూత మనకు ఏనాడో చెప్పియున్నది. ఆపిలు కంపెనీవారు 2021లో విడుదల చేసిన ఐ.ఓ.యస్. 15 నుండి కొన్ని ఐఫోనులలో మరియొక యేర్పాటు చేసిరి. ఫోను కట్టివేసినను అందలి బ్లూటూతు చిప్పు సన్నగా "ఇక్కడున్నాను" అని సంకేతము లిచ్చుచుండును; పోగొట్టుకొన్నవారు వెదకికొనుటకు. గూగులువారును 2024లో తమ పిక్సెల్ 8 ఫోనునందు ఇట్టిదానినే అందుబాటులోనికి తెచ్చిరి. జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2022లో ఆ ఐఫోను చిప్పును పరీక్షించి, ముందే ఫోనును వశపరచుకొన్నవాడు చిప్పులోని ప్రోగ్రామును మార్చుట కవకాశమున్నదని చూపిరి. ఇదియు చెవి కాదు సుమీ. ఎక్కడ నున్నదో చెప్పు దీపము మాత్రమే. మైకు వేరు, ఆ చిప్పు వేరు.

నిజమైన ప్రమాదము మూడవది. నిద్రించువానిని లేపవచ్చును గాని నిద్ర నటించువానిని లేపలేమని మన సామెత. ఫోనుకును నిద్ర నటించుట నేర్పవచ్చును. 2015లో ఏ.వీ.జీ. అను భద్రతాసంస్థవారు ఆండ్రాయిడు ఫోనులలో నట్టి దొంగప్రోగ్రాము నొకదానిని బయటపెట్టిరి. యజమాని మీట నొక్కగనే ఫోను ఆరిపోవునట్టి బొమ్మ కనబడును, తెర నల్లబడును. లోపల మాత్రము ఫోను మేల్కొనియే యుండి ఫోటోలు తీయగలదు, కాల్ చేయగలదు. 2022 జనవరిలో జెకాప్స్ అను మరియొక సంస్థవారు ఐఫోనునందును ఇటువంటి నటనను చేయించి చూపిరి. జాగ్రత్తగా చూడుడు: ఇందు ఆరిన ఫోనును ఎవరును వెలిగింపలేదు. ఆరకుండ చేసిరి. దొంగ ముందే యింట జొరబడి అటకమీద కూర్చున్నాడు. మనము బయట తాళము వేసి నిశ్చింతగా పోయితిమి. దొంగ జొరబడుటకు ఫోను వెలుగుచుండిన సమయమే కావలెను.

ఈ పుకారు ఇంత దూరము ప్రాకుటకు మూలమేదని వెదకగా న్యూయార్కు కోర్టులో తేలినది. అక్కడి మాఫియా ముఠా నొకదానిని పట్టుటకు ఎఫ్.బీ.ఐ. వారు నిందితుల ఫోనులనే చెవులుగా మార్చిరి. ఆ సాక్ష్యము చెల్లునా యని తగవు రాగా, 2006లో న్యాయమూర్తి లూయిస్ కప్లన్ చెల్లునని తీర్పు చెప్పుచు, ఫోను వెలిగియున్నను ఆరియున్నను ఆ సాధనము పనిచేసెనని వ్రాసిరి. ఎట్లు పనిచేసెనో వ్రాయలేదు. ఫోనులోపల వేరుగా మైకు నమర్చిరో, ప్రోగ్రామును పంపిరో నాటినుండి నేటివరకు పండితులు తర్కించుచునే యున్నారు. ఆ యొక్క వాక్యము లోకమంతయు తిరిగి తిరిగి కడకు మా అల్లూరి క్యారియరు గిన్నె దగ్గరకు వచ్చినది! 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ హాంకాంగులో తనను చూడవచ్చిన న్యాయవాదుల ఫోనులను ఫ్రిజ్జిలో పెట్టించెనను వార్త దానికి తోడైనది.

గిన్నె సంగతి యిచ్చటనే చెప్పివేయుదుము. సభ నడుమ ఆ మూతపెట్టిన గిన్నెలోనుండియే నొక ఫోను మ్రోగినది. ఎవరో కట్టివేయుట మరచిరి; స్టీలు గిన్నె తరంగములను పూర్తిగా ఆపలేదు. మూతసందున అవి దూరును. నమ్మనివారు తమ యింట పరీక్షించుకొనవచ్చును, ఖర్చు లేదు.

కాని ఆ న్యూయార్కు కథలో ప్రజలు విడిచిపెట్టిన భాగమొకటి కలదు, మాకదియే ముఖ్యము. ఆ ఫోనులను చెవులుగా మార్చుటకు ముందు పోలీసులు కోర్టు మెట్లెక్కిరి. ఎవరిమీద, ఎందుకు, ఏ నేరమునకని ప్రమాణపత్రము దాఖలుచేసి న్యాయమూర్తి యుత్తర్వు పొందిరి. తరువాత ఆ సంగతి నిందితులకు తెలిసినది, వారు తగవులాడిరి, తీర్పు వెలువడినది. కావుననే మనము దానిని నేడు చదువగలుగుచున్నాము. అమెరికాను పొగడుట మా యుద్దేశము కాదు. అదే దేశము చాటున ఏమేమి చేసినదో స్నోడెన్ బయటపెట్టినాడు. ఐనను చట్టములో వ్రాసినంతవరకు వారి ద్వారమున న్యాయమూర్తి నిలిచియున్నాడు. మన ద్వారమున నెవరున్నారు?

1885లో తెల్లదొరలు టెలిగ్రాఫు చట్టమును చేసిరి. ప్రజాసంక్షోభమున గాని, ప్రజాక్షేమము పేర గాని సర్కారు తంతివార్తను పట్టి చదువవచ్చునని అందలి అయిదవ సెక్షను. స్వరాజ్యము వచ్చినది. దొర పోయెను, సెక్షను నిలిచెను. 1972లో దానిని కొంత సవరించిరి. కాని చెవి ప్రభుత్వము చేతనే యుండెను. రాజకీయనాయకుల ఫోనులు వినిరని గగ్గోలు పుట్టగా పౌరహక్కుల ప్రజాసంఘమువారు సుప్రీముకోర్టు కెక్కిరి. 1996 డిసెంబరు 18న తీర్పు వచ్చినది. ఫోనులో మాటలాడుకొనుట మనుష్యుని ఆంతరంగిక జీవితములో భాగమని కోర్టువారు ఒప్పుకొనిరి. కాని ముందుగా న్యాయమూర్తి యనుమతి పొందవలెనను ప్రార్థనను మాత్రము అంగీకరింపలేదు. హోము కార్యదర్శి యుత్తర్వు చాలునని, దానిని పరిశీలించుటకు నొక సంఘముండవలెనని నిర్ణయించిరి. ఆ సంఘములో నుండువారెవరు? మరి కొందరు కార్యదర్శులు. కోడలు తప్పు చేసినదో లేదో విచారించుటకు ఆమె తోడికోడండ్రనే కూర్చుండబెట్టినట్లు!

2023లో పార్లమెంటు క్రొత్త టెలికమ్యూనికేషను చట్టమును చేసినది. దాసత్వపు చట్టమును తుడిచివేయుచున్నామని పాలకులు చాటించుకొనిరి. మేము ఆశతో తెరచి చూచితిమి. ఇరువదవ సెక్షనులో ఆ ప్రజాసంక్షోభమే, ఆ ప్రజాక్షేమమే, ఆ సర్కారు చెవియే! 2024 జూన్ 26 నుండి అది అమలునకు వచ్చినది. డిసెంబరులో నిబంధనలు వెలువడినవి. కేంద్రములో కేంద్రపు హోము కార్యదర్శి, రాష్ట్రములో రాష్ట్రపు హోము కార్యదర్శి ఉత్తర్వీయవచ్చును. ఒక్కొక్క ఉత్తర్వునకు అరువది దినముల కాలము, పొడిగించుకొనుచు పోయిన నూట ఎనుబది దినములవరకు. ఎవని మాటలు వినిరో వానికి, పని ముగిసిన తరువాతనైనను, చెప్పవలెనని యొక్క అక్షరము లేదు. తనకు అన్యాయము జరిగినదని తెలియనివాడు ఏ కోర్టుకు పోవును? మావద్దకు కక్షిదారుగా వచ్చుటకైనను వానికి ముందు సంగతి తెలియవలెను గదా.

లెక్క చూతము. సమాచారహక్కు క్రింద అడుగగా కేంద్ర హోముశాఖవారిచ్చిన జవాబునుబట్టి, నెలకు ఏడువేల అయిదువందలు మొదలు తొమ్మిదివేల వరకు ఇట్టి ఉత్తర్వులు వెలువడుచుండెనని 2014లో బయటపడినది. అది కేంద్రప్రభుత్వము మాత్రమే. రాష్ట్రముల లెక్క వేరు. నెలకు తొమ్మిదివేలన రోజుకు మూడువందలు. సెలవులు మాని, రోజుకు పదిగంటలు కుర్చీ వదలక కూర్చున్నను రెండు నిమిషముల కొక యుత్తర్వు. రెండు నిమిషములలో మేము నొక వకాలత్తునామాపై సంతకమైనను తిన్నగా చేయలేము. ఇక పరిశీలనాసంఘమో, రెండు నెలలకొకసారి కూడి ఒక్కొక్క కూటమిలో పదునైదువేలు మొదలు పదునెనిమిదివేల ఉత్తర్వులను చూడవలసియున్నదనియు, అది సాధ్యము కాని పనియనియు జస్టిస్ శ్రీకృష్ణ గారి సంఘము 2018లో వ్రాసినది. మన రాష్ట్రవిభజన కాలమున నివేదిక యిచ్చిన శ్రీకృష్ణగారే వీరు. తెలుగువారికి క్రొత్తవారు కారు.

ఇప్పుడు ఆ యువకుని ప్రశ్నను మరల చూడుడు. కట్టివేసిన ఫోనును లేపుదురా యని వాడు వణకుచున్నాడు. లేపవలసిన అవసరమెవరికి? వెలుగుచున్న ఫోనులోని మాట మన ఫోనును తాకకుండనే, కంపెనీవారి భవనములోనే, ఒక కార్యదర్శి కాగితముతో ప్రక్కదారి పట్టును. దానికి మంత్రము లేదు, మాయ లేదు. మనము రోజులో ఇరువదిమూడు గంటలు తెరచియుంచిన వాకిటినుండి రాగలవాడు గోడకు కన్నము వేయునా?

ఇజ్రాయేలువారి పెగాసస్ వంటి ఆయుధములు వేరు జాతి. అవి ఫోనులోపలికే జొచ్చి మైకును, కెమెరాను, వ్రాతలను పట్టుకొనును. లింకు నొక్కకున్నను జొచ్చును. ఐనను వానికిని వెలుగుచున్న ఫోనే కావలెను. వింతయేమనగా, అటువంటివానిలో కొన్ని ఫోనును నిజముగా ఆర్పి వెలిగించినప్పుడు తుడుచుకొనిపోవును. వారమున కొకసారి ఫోనును ఆర్పి వెలిగింపుడని అమెరికా జాతీయ భద్రతాసంస్థయే 2020లో సలహా యిచ్చినది. అనగా మీట నొక్కుట పథ్యము. రోగమునకు పూర్తి మందు కాదు. తుడిచినవాడు మరల దూరవచ్చును.

పెగాససుపై సుప్రీముకోర్టులో నడచిన వ్యాజ్యమును తెలుగువారము మరువరాదు. 2021 అక్టోబరు 27న ప్రధానన్యాయమూర్తి నూతలపాటి వేంకటరమణగారి ధర్మాసనము, దేశభద్రత యను పేరు పలికినంతమాత్రమున కోర్టు కండ్లు మూసికొనదని తేల్చి, నిపుణుల సంఘమును వేసినది. 2022 ఆగస్టు 25న ఆ నివేదికలోని సంగతులు కొన్ని వెల్లడియైనవి. పరీక్షించిన ఇరువదితొమ్మిది ఫోనులలో అయిదింట నేదో చెడు ప్రోగ్రాము కలదు, అది పెగాససేయని నిశ్చయముగా చెప్పజాలము, ప్రభుత్వము సహకరింపలేదు. ప్రజలు వేసిన ప్రశ్న ఒక్కటే: మీరు కొంటిరా, లేదా? దానికి మాత్రము ఔననియు కాదనియు జవాబు లేదు.

ఢిల్లీని ఆడిపోసికొని మనవారిని విడిచిపెట్టుట మాకు చేతకాదు. 2022 మార్చిలో బెంగాలు ముఖ్యమంత్రిణి మమతాబెనర్జీగారు, చంద్రబాబునాయుడుగారి కాలమున ఆంధ్రప్రభుత్వము పెగాసస్ కొన్నదని పలికిరి. తెలుగుదేశమువారు కాదనిరి. నాడు గద్దెమీదనున్న వై.ఎస్.ఆర్. కాంగ్రెసువారు శాసనసభలో మండిపడి, భూమన కరుణాకరరెడ్డిగారి అధ్యక్షతన సభాసంఘమును వేసిరి. ఏడాది తిరుగకముందే, 2023 ఆరంభమున, ఆ పాలకపక్షపు శాసనసభ్యులే యిద్దరు, మన నెల్లూరు జిల్లావారే, తమ ఫోనులను తమ ప్రభుత్వమే వినుచున్నదని మొరపెట్టిరి. నెల్లూరు రూరలు సభ్యులు కోటంరెడ్డి శ్రీధరరెడ్డిగారు, వేంకటగిరి సభ్యులు ఆనం రామనారాయణరెడ్డిగారు. శ్రీధరరెడ్డిగారు చూపిన సంభాషణ చాటుగా విన్నది కాదు, మాటలాడిన మిత్రుని ఫోనులోనే రికార్డయినదని పాలకపక్షము ప్రతివాదించినది. అందెవరిది నిజమో తేల్చుట మా పని కాదు. ఐనను ఆ ప్రతివాదము మాకు మంచి పాఠము: ఎదుటివాని చేతిలోని ఫోనుకంటె దగ్గరి చెవి లోకమున లేదు. దానికి పెగాససక్కర లేదు, కార్యదర్శి సంతకమక్కర లేదు.

హైదరాబాదు కథ యింకను ఘోరము. మావోయిస్టుల జాడ పట్టుటకై పెట్టిన ప్రత్యేక నిఘావిభాగమును ప్రతిపక్షనాయకుల మీదను, పత్రికలవారి మీదను, వర్తకుల మీదను త్రిప్పిరనియు, 2023 డిసెంబరులో ప్రభుత్వము మారగనే హార్డుడిస్కులను ధ్వంసముచేసి ఋజువులు మాపిరనియు 2024 మార్చిలో పోలీసులు తమ పోలీసు అధికారులనే అరెస్టుచేసిరి. ఆరోపణ నిలుచునో నిలువదో కోర్టులు చెప్పవలెను. ఒక్కటి మాత్రము తేటతెల్లము. పులిని పట్టుటకు తెచ్చిన వల యింటిముందు వ్రేలాడుచుండగా, కోపము వచ్చిననాడు పొరుగువాని కోడిమీద వేయకుండుటకు ఏ చట్టమును అడ్డుపడలేదు.

గద్దె దిగినవానికే ఆ చెవి కనబడును, ఎక్కినవానికి కనబడదు. తెలుగునాట ప్రతి పక్షమును నిందితుడుగను, ఫిర్యాదిగను కూడ ఒక్కొక్కసారి నిలిచినది. చట్టము మార్చుదమని మాత్రము ఏ పక్షమును నిలువలేదు.

ఫోను కట్టివేయుటకు సంబంధించినదే మా వృత్తిలో నెదురైన సంగతి యొకటి చెప్పవలసియున్నది. మా తీరమున చేపలవేటతో బ్రతుకు కుర్రవాడొకడు ఒక దొమ్మీ కేసులో చిక్కుకొనెను. ఆ రాత్రి వాని ఫోను స్విచ్చాఫ్ అయినదనియు, తప్పు చేసినవాడు గనుకనే కట్టివేసికొనెననియు పోలీసుల వాదము. వాడు ఆ రాత్రి సముద్రముమీద నుండెను. ఒడ్డు దాటి కొంతదూరము పోయిన టవరు అందదు. ఫోనును చేత్తో కట్టివేసినపుడది టవరుతో "పోవుచున్నాను" అని చెప్పిపోవును. సముద్రములో పడవతోపాటు దూరమైనది చెప్పకయే మాయమగును. కాల్ రికార్డు కాగితములో ఈ భేదము కనబడదు. కడపటి కాల్ ఏ టవరునుండి వెళ్లెనో అంతవరకే కనబడును. ఫోను చేసినవానికి వినబడు "స్విచ్చాఫ్ చేయబడియున్నది" అను అమ్మాయి గొంతును నమ్మి మనిషిని జైలునకు పంపవచ్చునా? ఈ భేదమును వివరించుటకు మాకు మూడు వాయిదాలు పట్టినవి. బెయిలు వచ్చులోపల వాడు రెండు నెలల వేట పోగొట్టుకొనెను. వెలిగించిన వినెదరు, ఆర్పిన దోషివందురు. ఇదియెక్కడి ధర్మము?

ప్రజలు నమ్మకము కోల్పోవుటకు కారణము వారి యజ్ఞానమొక్కటియే కాదు. మన దక్షిణమున శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారమున 2015 నుండి షావోమీ ఫోనులు కూర్చుచున్నారు. మన పల్లెల ఆడపిల్లలు బస్సులెక్కి పోయి ఆ పని చేయుచున్నారు, మాకది సంతోషమే. కాని వారి వ్రేళ్లు బిగించిన ఫోనులోని మోడెము ప్రోగ్రాము ఎట్టిదో చదువుటకు వారికి గాని, వారి యజమానికి గాని, మన ప్రభుత్వమునకు గాని అధికారము లేదు. విదేశపు నూలుతో మన మగ్గముమీద నేసిన బట్టను ఖద్దరనుట యెట్టిదో, దీనిని స్వదేశీయనుట యట్టిదే. 2025 నవంబరు చివరను కేంద్రపు టెలికాంశాఖ, సంచార్ సాథీ యను తన యాపును ప్రతి క్రొత్త ఫోనులోను ముందుగనే పెట్టి అమ్మవలెననియు, దాని పనులను నిలుపుటకు వీలుండరాదనియు కంపెనీలను శాసించినది. దొంగిలిన ఫోనులను పట్టుటకట! దేశమంతటను నిరసన లేవగా డిసెంబరు 3న ఆ శాసనమును వెనుకకు తీసికొనిరి. అయిదారు దినములలో ప్రభుత్వము వెనుదిరుగుట అరుదు. గిన్నెలో ఫోనులు దాచికొన్నందున అది జరుగలేదు. బహిరంగముగా అరచినందున జరిగినది.

మార్గము లేకపోలేదు. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆంతరంగికత ప్రాథమికహక్కని ఏకగ్రీవముగా చెప్పినది. వారిలో మన కృష్ణాజిల్లా బిడ్డ చలమేశ్వరుగారు నుండిరి. 2023లో మన రాష్ట్రమునకు గవర్నరుగా వచ్చిన అబ్దుల్ నజీరుగారును నుండిరి. 2025 జూలైలో మద్రాసు హైకోర్టు, లంచపు కేసు నొకదానిలో ఇచ్చిన ఫోను వినికిడి ఉత్తర్వును కొట్టివేసినది; ప్రజాసంక్షోభమును ప్రజాక్షేమమును లేనిచోట నేరము కనుగొనుటకని చాటుగా వినుటకు చట్టమొప్పదనెను. ఈ తీర్పులు మనకు ఆయుధములు. పట్టుకొనువారు కావలెను.

చట్టము కేంద్రముది, మేమేమి చేయగలమని రాష్ట్రమంత్రులు తప్పించుకొనవలదు. రాష్ట్రపు హోము కార్యదర్శి సంతకము రాష్ట్రముదే. ఏటేట ఎన్ని ఉత్తర్వులిచ్చిరి, ఎన్నింటిని పొడిగించిరి, పరిశీలనాసంఘము ఎన్నింటిని తప్పని కొట్టివేసెను, ఈ మూడు అంకెలను శాసనసభ ముందుంచుటకు ఢిల్లీ యనుమతి యక్కర లేదు. పేర్లు మేమడుగలేదు, అంకెలు వినినంతమాత్రమున ఏ దొంగయు పారిపోడు. కోటంరెడ్డిగారు 2024లో తెలుగుదేశము పక్షమున మరల గెలిచిరి; ఆనమువారు ఆత్మకూరునుండి గెలిచి మంత్రి పదవి స్వీకరించిరి. 2023లో తమ చెవిదగ్గర వినబడిన చప్పుడును వీరు మరచియుండరు. అధికారపు బల్లలమీద కూర్చుండిననాడు ఆ మాట నెత్తుటకు వీరికంటె అర్హులెవరు? శాసనసభలో లేచి అడుగుడని మా జిల్లావారిగా కోరుచున్నాము. అడుగరేని, నాటి మొర ప్రజలకొరకు కాదు, తమకొరకేయని జిల్లా యనుకొనును.

కాలువనీటి అర్జీపై ముప్పదియేడుగురు సంతకములు చేసిరి. ఆ ప్రశ్న అడిగిన యువకుడు మొదటివరుసకు వచ్చి చేసెను. పైన చెప్పిన మూడు అంకెలను కోరుచు సమాచారహక్కు చట్టము క్రింద రాష్ట్ర హోముశాఖకు మేమీ వారమే దరఖాస్తు పంపితిమి. ముప్పది దినముల గడువు కలదు. జవాబు వచ్చినను, రాకున్నను ఈ పుటయందే ప్రకటింతుము.